పాస్టరు మింగిన తాళంచెవులు

ఆ గురువారం ఉదయం ఫ్లోరిస్ నెల్ పెట్టుకున్న పనులు మూడే. ఏడింటికల్లా ఫిల్ము డబ్బాలు వ్యానులో పెట్టడం, ఎండ ముదరకముందే స్టేషనుకు చేరడం, పదకొండూ నలభైకి వచ్చే జొహానెస్‌బర్గ్ రైల్లో వాటిని ఎక్కించి ఇంటికొచ్చి పడుకోవడం. ద్రూగ్‌పాన్ అనే ఆ ఎడారి అంచు ఊరికి రైలు వారానికి ఒక్కసారే వస్తుంది. పైగా అది ఫిబ్రవరి. మధ్యాహ్నానికి కోడిపెట్టలు నీడ కోసం కొట్టుకునే నెల.

తొమ్మిది డబ్బాల్లోనూ ఉన్నది ఒక కప్ప. అందరూ చూసే కప్ప కాదు. బతికినన్నాళ్ళూ మట్టి కింద పడుకుని, గట్టి వాన పడ్డప్పుడు మాత్రం బయటికొచ్చే ఎద్దుకప్ప. ఆ వాన కోసం ఫ్లోరిస్ మూడేళ్ళు కాచుకుని కూర్చున్నాడు. పడింది. గుంటలో పిల్లలు పుట్టాయి. ఎండకి గుంట ఇంకిపోతూ, పిల్లలు బురదలో కొట్టుకుంటూ ఉంటే, తండ్రి కప్ప వెనక కాళ్ళతో మట్టి తన్నుకుంటూ పక్క మడుగు దాకా కాలువ తవ్వింది. నీళ్ళు కలిశాయి. వేల పిల్లలు తండ్రి వెనకాలే ఈదుకుంటూ పోయాయి. ఫ్లోరిస్ బురదలో బోర్లా పడుకుని ఇదంతా తీశాడు. ఏడుపు కెమెరాకి వినపడకుండా చొక్కా చెయ్యి పళ్ళతో పట్టుకున్నాడు. ఇంకోసారి తీద్దామంటే మళ్ళీ వాన ఎప్పుడో, కప్ప ఎక్కడో.

మనిషి మొదట్నించీ అంతే, కుదురు లేదు. పశువులకి సూదులు వేసే ఉద్యోగం చేస్తూ చేస్తూ ముప్ఫయ్యో ఏట ఒక పాత కెమెరా తెచ్చుకున్నాడు. మొదటి సినిమాకి హీరో తనే, హీరోయిన్ భార్య ఎల్సబే. అతను నటించేటప్పుడు ఆవిడ కెమెరా తిప్పేది, ఆవిడ నటించేటప్పుడు అతను తిప్పేవాడు. ఇద్దరూ కలిసి కనిపించే ఒకే ఒక్క సన్నివేశం మేకలు కాసేవాడెవరో తీశాడు, అందులో తలలు లేవు. తర్వాత పొదల్లో, డబ్బాల్లో, చెత్తబుట్టల్లో కెమెరా దాచిపెట్టి, దారినపోయే జనాన్ని తికమక పెట్టి, వాళ్ళ ముఖాలు తీసే సినిమాలు నాలుగు తీశాడు. దేశమంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ముఖాల్లో ద్రూగ్‌పాన్ మెకానిక్ సారెల్‌ది కూడా ఒకటి. ఫ్లోరిస్ ఇంజను తీసేసిన కారు తెచ్చి, స్టార్ట్ కావటం లేదు చూడమన్నాడు. సారెల్ బానెట్ ఎత్తి, ఉత్త గొయ్యి చూసి, మూసి, మళ్ళీ ఎత్తి, చివరికి డిక్కీలో కూడా వెతికాడు. రెండేళ్ళపాటు వాళ్ళమ్మాయిని బళ్ళో 'ఇంజనమ్మాయి' అని పిలిచారు. అది తెలిసిన రోజున ఫ్లోరిస్ ఇక మనుషుల్ని మోసం చేసి తియ్యనని భార్య ముందు ఒట్టు పెట్టుకున్నాడు. అప్పట్నించీ జంతువులే.

ఏడింటికి డబ్బాలన్నీ వ్యాను వెనక ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. రైలు చీటీ జేబులో ఉందో లేదో చూసుకోవడానికి తాళంచెవుల గుత్తి గేటు స్తంభం మీద పెట్టాడు. కుడి జేబు చూశాడు, ఎడమ జేబు చూశాడు. తల ఎత్తేసరికి పెరట్లో తిరిగే నిప్పుకోడి గుత్తి ముందు నుంచుని ఉంది. ఒక్క కబళం. అంత పొడుగు మెడలో గుత్తి మెల్లగా కిందికి దిగుతుంటే ఫ్లోరిస్, ఎల్సబే, జంతువుల్ని చూసుకునే అపోలిస్ ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూశారు.

"దిగిపోయింది," అన్నాడు అపోలిస్.

"బయటికి ఎప్పుడొస్తుంది?"

"రేపు రావచ్చు, వచ్చే వారం రావచ్చు. గులకరాళ్ళతోపాటు పొట్టలోనే ఉంచేసుకోవచ్చు. దాని ఇష్టం."

అపోలిస్‌కి అరవై దాటాయి. నలుగురిలో ఫ్లోరిస్‌ని 'దొరగారూ' అనేవాడు, ఆ దేశంలో తెల్లవాళ్ళ దగ్గర రంగు తక్కువవాళ్ళు అలాగే అనాలి. పెరట్లో మాత్రం 'ఏమయ్యా' అనేవాడు.

"రెండో గుత్తి ఉందిగా ఎల్సా?"

ఎల్సబే వ్యాను వైపు చూసింది. "ఉంది. భద్రంగా ఉండాలని నువ్వే ఆ పెట్టెలో పెట్టావు."

ఫ్లోరిస్ కాలుగాలిన పిల్లిలా పెరడంతా తిరిగాడు. వ్యానుకే అతికి ఉన్న ఆ పెట్టె దొంగలకీ సింహాలకీ లొంగకూడదని చేయించింది, పైన మేకు గీత కూడా పడదు. వ్యాను గేరులో ఉంది, బ్రేకు వేసి ఉంది, స్టీరింగు బిగుసుకుని ఉంది. తోస్తే కదలదు. పన్నెండింటికల్లా ఆ ఇనుప పెట్టె పొయ్యి అయిపోతుంది, లోపల కప్ప కరిగిపోతుంది. ఎల్సబే గోనెసంచులు తడిపి పెట్టె మీద కప్పడం మొదలుపెట్టింది. ఫ్లోరిస్ లోపలికి పరుగెత్తి ఫోను తీశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ నిప్పుకోడి పేరు పాస్టరు. నల్లటి ఈకల కింద తెల్లటి తోకతో, ముక్కు పైకెత్తి, అందర్నీ క్షమిస్తున్నట్టు నడుస్తుంది గనక అపోలిస్ దానికా పేరు పెట్టాడు. ఇంట్లో వాళ్ళకి అలవాటైపోయింది. ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"డాక్టరుగారూ, ఫ్లోరిస్‌ని. పాస్టరు తాళంచెవులు మింగేశాడు! గుత్తి గుత్తంతా! పెద్ద సీసాడు ఆముదం కావాలి, వెంటనే," అని అరిచి, అవతలివాళ్ళు 'ఏమిటీ' అనేలోగా ఫోను పెట్టేశాడు.

టెలిఫోను ఎక్స్‌చేంజిలో కూర్చునే మీమీ పిన్ని వైర్లు కలపడమే కాక, కలిపిన ప్రతి మాటా వినడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకునే మనిషి. ఆవిడ ఆరిళ్ళకి ఫోను చేసింది. ఆ ఆరిళ్ళు ఊరికి చెప్పాయి. మొదటి వీధిలో పాస్టరుగారు పొరపాటున మింగారు. రెండో వీధికొచ్చేసరికి చర్చి పెద్దలతో గొడవపడి, చర్చి తాళాలు ఎవరికీ ఇవ్వనని మింగారు. మూడో వీధిలో ఆడవాళ్ళు అప్పుడే ప్రార్థన మొదలుపెట్టారు.

డాక్టరు తిన్నగా పాస్టరు మైబర్గ్ గారింటికి వెళ్ళాడు. ఆయన ఆదివారం ప్రసంగం రాసుకుంటూ కాఫీలో ఎండు రొట్టె ముంచుకుంటున్నాడు.

"నేనేమీ మింగలేదయ్యా! రొట్టె తింటున్నాను!"

"మింగినవాళ్ళు ఎవరూ మొదట ఒప్పుకోరు, పాస్టరుగారూ. నోరు తెరవండి."

పావుగంట పోయాక పాస్టరుగారు నిజంగానే ఆముదం తాగిన ముఖంతో ఫ్లోరిస్ గేటు ముందు దిగాడు. వెనకాల సగం ఊరుంది.

"ఫ్లోరిస్ నెల్! నేను తాళాలు మింగానని చెప్పింది నువ్వేనా?"

"మీరు కాదండీ, ఇదిగో, ఈ పాస్టరు," అని ఫ్లోరిస్ నిప్పుకోడిని చూపించాడు. అది మెడ సాచి మైబర్గ్ గారిని ఆపాదమస్తకం చూసి, క్షమించినట్టు తల తిప్పుకుంది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

పాస్టరుగారి ముఖం ఎర్రబడింది. నోరు తెరిచాడు. అంతలో ఏదో తట్టినట్టు ఆగిపోయాడు. గేటు పక్క పొదని చూశాడు. గోడవారనున్న ఖాళీ పీపాని చూశాడు. మెడపట్టీ సర్దుకున్నాడు.

"ఓహో!" అన్నాడు. ఆ గొంతు ఆదివారం గొంతు. పొద వైపు కొంచెం ఒరిగి, కుడి చెయ్యి పైకెత్తి, "ఫ్లోరిస్, నా కుమారుడా! మూగజీవికి నా పేరు పెట్టినందుకు నిన్ను నేను..."

"పాస్టరుగారూ, పొదలో ఎవరూ లేరు! కెమెరా లేదు! నా కప్ప లోపల ఉడికిపోతోంది!"

"కప్పట!" జనం పగలబడి నవ్వారు. ఆడవాళ్ళు జుట్టు సర్దుకున్నారు. వెనకున్నవాళ్ళు ముందుకొచ్చారు. ఫ్లోరిస్ పొద దగ్గరికి వెళ్ళి కొమ్మలు పట్టుకుని ఊపి చూపించాడు. కెమెరా ఎక్కడుందో కనిపించకుండా భలే నటిస్తున్నాడని మెచ్చుకున్నారు. పాస్టరుగారు క్షమాపణ గురించి ఇంకో రెండు వాక్యాలు చెప్పి, మూడోదాని మధ్యలో పొట్ట పట్టుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా ఇంటివైపు పరుగెత్తాడు.

"చూశావా, ఎంత సహజంగా చేశారో!" అంది మీమీ పిన్ని. ఎక్స్‌చేంజి వదిలేసి ఆవిడ కూడా వచ్చింది.

తొమ్మిదిన్నరకి సారెల్ వచ్చాడు. ఎల్సబే స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చింది. వ్యానుకి పదడుగుల దూరంలో ఆగి చేతులు కట్టుకున్నాడు.

"సారెల్, ఈ పెట్టె ఎలాగైనా విప్పాలి."

"ఇందులో ఇంజనుందా బాబాయ్?"

"ఇంజను ముందుంది. ఇది వెనక పెట్టె. తాళాలు నిప్పుకోడి మింగేసింది."

"బాగుంది. పోయినసారి ఇంజను లేదన్నావు, ఈసారి తాళాలు లేవంటున్నావు. వచ్చేసారి చక్రాలు తాబేలు మింగిందంటావా?"

"ఒట్టు సారెల్. దేవుడి మీద ఒట్టు."

"అప్పుడూ దేవుడి మీదే పెట్టావు." సారెల్ గొంతు తగ్గించాడు. "నా కూతురు బడి మానేస్తానని ఏడ్చింది. ఎన్ని రోజులో నీకు తెలుసా? అవి ఏ సినిమాలోనూ రాలేదు."

ఫ్లోరిస్ పెట్టె మీద చెయ్యి వేశాడు, గోనెసంచి తడి అప్పుడే గోరువెచ్చగా ఉంది.

సారెల్ వంగి తాళం పరీక్షగా చూశాడు. చూడకుండా ఉండలేడు, వృత్తి అలాంటిది. "ఇది గునపానికి రాదు. నిప్పుతో కొయ్యాలి. నిప్పు పెడితే లోపల నీ ఫిల్ము అంటుకుంటుంది. నిజంగా ఉంటే." అని మళ్ళీ పదడుగులు వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

పదిన్నర అయింది. ఇంట్లో నీళ్ళపీపా అడుగు కనపడుతోంది. ఫ్లోరిస్ గేటు నుంచి వ్యానుకి, వ్యాను నుంచి జనం దగ్గరికి తిరుగుతూ ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని బతిమాలుతున్నాడు. 'వ్యాను ఎత్తండి, స్టేషను దాకా మోయండి, దుంగలు వేసి పట్టుకుంటే ముప్ఫైమందికి లెక్క కాదు, వ్యాను వ్యానుగా రైలెక్కిద్దాం, జొహానెస్‌బర్గ్‌లో కోయించుకుంటారు' అని. విన్నవాళ్ళందరూ తలూపారు, నవ్వారు, ముఖం ఏ వైపు తిప్పాలని అడిగారు. ఒక్కడూ వంగలేదు. ఆయన బతిమాలడమే సన్నివేశమైతే మధ్యలో చెయ్యి వేసి పాడుచేసేదెవరు?

అపోలిస్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "ఏమయ్యా. ఇరవై ఏళ్ళు అబద్ధాన్ని నిజమని నమ్మించావు. ఇప్పుడు నిజాన్ని నమ్మించడం చేతకాలేదు. చేతనైందే చెయ్యరాదూ?"

ఫ్లోరిస్ ఎల్సబే వంక చూశాడు. ఆవిడ ఖాళీ బక్కెట్టు పట్టుకుని నుంచుంది. చీలమండల దాకా తడిసిపోయింది. ఒట్టు పెట్టుకున్నది ఆవిడ ముందే.

"నన్ను చూడకు," అంది. "నేను కప్ప వైపు."

ఫ్లోరిస్ లోపలికి వెళ్ళి కెమెరా, మూడు కాళ్ళ స్టాండూ తెచ్చి వీధి మధ్య నిలబెట్టాడు. కెమెరాలో ఫిల్ము లేదు. ఉన్న ఫిల్మంతా పెట్టెలో ఉంది. కుర్చీ ఎక్కి నుంచున్నాడు.

"సరే! దొరికిపోయాను! సినిమాయే!"

వీధంతా చప్పట్లు.

"దాపరికం లేదు. కెమెరా ఇదిగో. సన్నివేశం చెబుతున్నాను, వినండి. ఊరంతా కలిసి ఒక వ్యానుని భుజాల మీద మోసుకుపోయి రైలెక్కిస్తుంది. రైలు వచ్చేది పదకొండూ నలభైకి, అది మనకోసం రెండోసారి నటించదు. అందుకని ఒక్కసారే తీస్తాం!"

ఐదు నిమిషాల్లో బడి కంచె కోసం తెచ్చిన నీలగిరి దుంగలు వచ్చాయి. తెల్లవాళ్ళ వీధి వచ్చింది, వాగు అవతల పేట వచ్చింది. ఆ ఊళ్ళో తెల్లవాళ్ళకీ పేటవాళ్ళకీ టిక్కెట్ల కిటికీలు వేరు, బెంచీలు వేరు, స్టేషనులో ప్లాట్‌ఫారం కొసలు కూడా వేరు. ఆ పూట ఎవరి చెయ్యి ఎవరి చెయ్యి పక్కన పడుతోందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. అందరూ కెమెరానే చూస్తున్నారు.

సారెల్ అందరికన్నా ఆఖరున వచ్చాడు. కెమెరా ముందు ఒక క్షణం నుంచున్నాడు.

"ముందే చెప్పి ఉంటే చొక్కా మార్చుకొచ్చేవాణ్ణి కదా బాబాయ్." కాలరు తుడుచుకున్నాడు. "సర్లే. ఈసారి నాకు చెప్పి తీస్తున్నావు. అది చాలు."

ముందు కుడివైపు దుంగ కింద భుజం పెట్టాడు. ఫ్లోరిస్ కెమెరా వెనక తల దాచుకున్నాడు. ఆ క్షణంలో తలెత్తి సారెల్ ముఖం చూడగలిగే ధైర్యం అతనికి లేదు.

"లేపండి!"

వ్యాను లేచింది. వీధి వెంట అడుగడుగునా ఆగిపోయింది కూడా. బరువు వల్ల కాదు. మీమీ పిన్ని మోసేవాళ్ళ పక్కన కన్నీళ్ళు పెట్టుకుంటూ నడిచింది, ఎందుకని అడిగితే పాత్ర అలాంటిదంది. ఎడమవైపువాళ్ళు తమ ముఖాలు పడటం లేదని వైపు మార్చమన్నారు. డాక్టరు పెట్టె మీద చెవి పెట్టి నాడి చూసి, 'ఇంకా ఆశ ఉంది' అన్నాడు. పాస్టరుగారు కొత్త మెడపట్టీతో తిరిగొచ్చి ఊరేగింపు ముందు చేరాడు, చర్చి మలుపు దగ్గర మళ్ళీ మాయమయ్యాడు. ఫ్లోరిస్ ఖాళీ కెమెరా ఎత్తుకుని వాళ్ళ ముందు వెనక్కి వెనక్కి పరుగెడుతూ, "అద్భుతం! ఆగొద్దు! ఆగితే అద్భుతం పోతుంది!" అని గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాడు.

స్టేషనులో రైలు అప్పటికే కూత వేసింది. ముప్ఫైమంది వ్యాను కింద పదహారు రకాలుగా నవ్వుతూ వస్తుంటే స్టేషను మాస్టరు పచ్చజెండా ఎత్తబోయి, కెమెరా చూసి, దించి, టోపీ సర్దుకున్నాడు.

"నేను ఆపాలా, పంపాలా?" అని గుసగుసగా అడిగాడు.

"ముందు ఆపండి. తర్వాత పంపండి. చాలా గంభీరంగా."

అంత గంభీరంగా ఆ రైలుని ఎవరూ ఎన్నడూ ఆపలేదు. గోడల్లేని చదును బోగీ మీదికి వ్యాను ఎక్కింది. దాని చుట్టూ రైల్లోని మంచుపెట్టెలోంచి తీసిన మంచుగడ్డలు పేర్చి, తడిగోనెలు కప్పి తాళ్ళతో కట్టేశారు. ఫ్లోరిస్ కూడా పక్కనే ఎక్కి కూర్చుని బక్కెట్టు పట్టుకున్నాడు. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం రెండు కొసలవాళ్ళూ మధ్యలో గుంపుగా నుంచుని చేతులూపారు. తర్వాత ఎవరి కొసకి వాళ్ళు వెళ్ళిపోయారు.

కప్ప బతికింది. మూడో డబ్బా చివర కొంచెం రంగు తగ్గింది తప్ప, కాలువ తవ్వడం పూర్తిగా దక్కింది. తాళంచెవుల గుత్తి తొమ్మిదో రోజున శుభ్రంగా బయటపడింది. అప్పటికి జొహానెస్‌బర్గ్‌లో పెట్టె రెండు ముక్కలు చేసేశారు.

ఏడాది పైన రెండు నెలలకి సినిమా పూర్తయింది. మొదటి ఆట ద్రూగ్‌పాన్ చర్చి హాల్లోనే వెయ్యాలని ఫ్లోరిస్ పట్టుపట్టాడు. ఆ ఏడాదంతా అతనికి సరిగ్గా నిద్ర లేదు. ఊరి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. తను ఏడ్చిన ముక్క ఉంచారా అని మీమీ పిన్ని మూడు రాసింది. సారెల్ ఒకటే రాశాడు. అందులో 'మా అమ్మాయి కూడా వస్తుంది, దాని స్నేహితురాళ్ళని తీసుకొస్తానంటోంది' అని ఉంది.

హాలు నిండిపోయింది. ముందు వరుసలో సారెల్ టై కట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూతురు, పక్కన ఐదుగురు ఆడపిల్లలు. గంటన్నరసేపు తెర మీద తేళ్ళు, గద్దలు, అడవిపిల్లులు, చివర కప్ప. తండ్రి కప్ప మట్టి తన్నుతుంటే హాల్లో దగ్గు కూడా వినపడలేదు. నీళ్ళు కలిసినప్పుడు స్టేషను మాస్టరు నిజంగానే ఏడ్చాడు. దీపాలు వెలిగాక కూడా ఎవరూ లేవలేదు, తమ ముక్క కోసం చూస్తున్నారు.

ఫ్లోరిస్ తెర ముందుకొచ్చాడు.

"ఆ రోజు కెమెరాలో ఫిల్ము లేదు," అన్నాడు. "మీరెవరూ ఎందులోనూ లేరు. వ్యాను మోయించుకోవడానికి అబద్ధం చెప్పాను. అంతకుముందు చెప్పిందంతా నిజం. తాళాలు నిప్పుకోడి మింగడం నిజం, పెట్టెలో కప్ప ఉండటం నిజం. క్షమించండి."

పాస్టరుగారు మెల్లగా తల తిప్పి వెనక కిటికీ తెరల వైపు చూశాడు. మెడపట్టీ సర్దుకున్నాడు. అది చూసి మీమీ పిన్ని జుట్టు సర్దుకుంది. ఇంకెవరో 'ఈసారి ఎక్కడ పెట్టాడ్రా' అన్నారు. హాలంతా ఒక్కసారిగా నవ్వులతో, చప్పట్లతో దద్దరిల్లిపోయింది. జనం బల్లల కింద కెమెరా వెతుకుతుంటే ఫ్లోరిస్ బయటికొచ్చేశాడు.

సారెల్ ఒక్కడే నవ్వలేదు. బయటికొచ్చి పక్కన నుంచున్నాడు.

"ఫిల్ము లేదా?"

"లేదు."

"ఒక్క ముక్క కూడా?"

"లేదు సారెల్. నిన్ను రెండోసారి మోసం చేశాను."

సారెల్ టై వదులు చేసుకున్నాడు. "మొదటిసారి తీసి మోసం చేశావు. ఇప్పుడు తియ్యక మోసం చేశావు. రెంటిలో ఇదే నయం." లోపల కూతురి నవ్వు వినిపించి అటు చూశాడు, మళ్ళీ ఫ్లోరిస్ వైపు తిరిగాడు. "అది సరే బాబాయ్. ఆ కప్ప ఉంది చూశావా, పాపం దాని పని అది చేసుకుంటోంది. దానికి చెప్పే తీశావా?"

ఆ సినిమా ప్రపంచమంతా ఆడింది, గొప్పగొప్పవాళ్ళు ఎన్నో భాషల్లో ఎన్నో ప్రశ్నలడిగారు. ఫ్లోరిస్ నెల్ జవాబు చెప్పలేకపోయినది సారెల్ అడిగిన ఆ ఒక్కదానికే.